లక్క ప్లేటులోని పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

అటక మీద దొరికిన 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) గ్రామఫోన్ ప్లేటులోంచి పాట ఎంత బాగా వస్తుందన్నది ముల్లు, వేగం ఈ రెండిటి మీదే ఆధారపడి ఉంటుంది. ముల్లు గాడిలో సరిగ్గా కూర్చోకపోతే తరవాత ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోదు.

ముందు శుభ్రం. గ్రామఫోన్ కంపెనీ రికార్డింగ్ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ గొంతు రికార్డు చేసిన నాటి నుంచి 1960ల చివరిదాకా మన దేశంలో వచ్చిన 78 ప్లేట్లు దాదాపు అన్నీ లక్కలో రాతిపొడి కలిపి అచ్చుపోసినవే. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. అందుకే స్పిరిట్, శానిటైజర్, ఎల్‌పీల (తరవాత వచ్చిన వినైల్ ప్లేట్ల) కోసం అమ్మే ఆల్కహాల్ ద్రావణాలు దగ్గరికి కూడా రానివ్వకండి. అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కల బేబీ షాంపూ చాలు. మెత్తటి బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా తోమాలి, అడ్డంగా కాదు. లేబుల్ తడవకూడదు. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడిచి, నీడలో నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వండి. బీట పడ్డ ప్లేటుకు నీళ్ళు వద్దు, పొడి బ్రష్‌తో సరిపెట్టుకోండి.

తాతగారి కీ గ్రామఫోన్ మీద వేసి ఫోన్‌తో రికార్డు చేద్దామన్న ఆలోచన మానుకోవాలి. దాని సౌండ్‌బాక్స్, అంటే ముల్లు బిగించే తల, వంద గ్రాముల పైచిలుకు బరువుతో నొక్కుతుంది. పైగా ఉక్కు ముల్లు, ప్రతి పక్కకీ మార్చకపోతే గాడిని చెక్కేస్తుంది.

ఎల్‌పీ ముల్లు కొన వ్యాసార్ధం 18 నుంచి 25 మైక్రాన్లు. 78 గాడి అంతకంటే చాలా వెడల్పు కాబట్టి ఆ ముల్లు అడుగుకు దిగి, అక్కడి దుమ్మును గీస్తూ పోతుంది. వినిపించేది బరబర. కావలసింది 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు, అంటే సుమారు 75 మైక్రాన్లు. ముల్లు గాడిని నొక్కే బరువును తయారీదారు చెప్పినంతే పెట్టండి, సాధారణంగా 3 నుంచి 5 గ్రాములు. చవక సూట్‌కేస్ ప్లేయర్ల మీద 78 అన్న మీట ఉన్నా, లోపలిది చాలావాటిలో ఎల్‌పీ ముల్లే. ప్లేటు బాగా అరిగిపోయి ఉంటే 2.5 లేదా 3.5 మిల్ ముల్లు గోడలో అరగని చోటును పట్టుకోవచ్చు. మొదట్లోనే అన్నీ కొనక్కర్లేదు.

వేగం సరిచూడటానికి ప్లేటు మీద పెట్టే గీతల బిళ్ళ, స్ట్రోబ్ చక్రం వాడండి. మన 50 హెర్ట్జ్ కరెంటుకు 77 గీతలది కావాలి. మామూలు ఫిలమెంట్ బల్బు కింద గీతలు నిలిచినట్టు కనిపిస్తే వేగం 77.92. చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద ఇది కుదరదు. అయితే 1925కు ముందు, మైకు లేక బాకా ముందు నిలబడి పాడిన రోజుల్లో, వేగానికి కట్టుబాటు లేదు. 70 నుంచి 80 దాటి కూడా ఉండేవి. అలాంటప్పుడు చెవిని నమ్మాలి. నాటక పద్యాలైతే వెనక హార్మోనియం ఉంటుంది. దాని షడ్జమం నేటి హార్మోనియం మీద రెండు మెట్ల మధ్య ఎక్కడో పడుతుంటే వేగం 3 శాతం దాకా తేడాగా ఉన్నట్టు అనుమానించండి. పాత పెట్టెల శ్రుతి నేటి 440 హెర్ట్జ్ ప్రమాణ శ్రుతితో కలవాలని లేదు కాబట్టి గొంతు సహజంగా ఉందో లేదో కూడా వినండి.

టర్న్‌టేబుల్‌కు (ప్లేటును తిప్పే యంత్రానికి) 78 వేగం లేకపోతే 45 మీద తిప్పి రికార్డు చేసి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని 1.733 రెట్లు చేయవచ్చు. కానీ ముల్లు నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని పెంచే మామూలు ఫోనో ప్రీఆంప్ వాడితే చిక్కు ఉంది. అందులో ఉండేది 1954లో వచ్చిన ఆర్‌ఐఏఏ సర్దుబాటు, అంటే బాస్ పెంచి, హెచ్చు స్థాయి ధ్వనులు తగ్గించే ప్రమాణం. అది 10 కిలోహెర్ట్జ్ దగ్గర 13.7 డెసిబెల్స్ కోస్తుంది. పాత ప్లేట్లలో చాలావాటికి ఆ కోత అవసరమే లేదు, అందుకే గొంతు మూసుకుపోయినట్టు వస్తుంది. వేగం పెంచితే ఆ సర్దుబాటు మొత్తం పైకి జరిగి, బాస్ పెంపు మొదలయ్యే 500 హెర్ట్జ్ మలుపు 870 దగ్గర పడుతుంది. సర్దుబాటు లేని ఫ్లాట్ ప్రీఆంప్ దొరికితే అదే మేలు.

రికార్డింగు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వావ్ ఫైలుగా, స్టీరియోలోనే చేయండి. టపటపలు పాట కంటే ఎత్తుకు ఎగురుతాయి, శిఖరాలు మైనస్ 10 డెసిబెల్స్ దాటనివ్వకండి. ఏకధాటిగా గుయ్ మంటుంటే టర్న్‌టేబుల్ ఎర్త్ తీగ చూడండి.

ప్లేటు మోనోనే కదా, స్టీరియో ఎందుకంటారా? గాడికి రెండు గోడలు, రెండూ ఒకేలా అరగవు. ఎడమ, కుడి విడివిడిగా విని, ఒకటి బాగా శుభ్రంగా ఉంటే దాన్నే ఉంచండి. రెండూ సమానంగా ఉంటే మోనోగా కలపండి. 78ల్లో పాట ముల్లు పక్కలకు ఊగడంలోనే ఉంటుంది, కాబట్టి పైకీ కిందికీ ఎగరడం వల్ల పుట్టే మోత కలిపినప్పుడు రద్దయిపోతుంది.

ముందు క్లిక్ (టపటపల) తొలగింపు, తరవాతే బాస్, ట్రెబుల్ సరిచేసే ఈక్వలైజర్. ఫిల్టరు తగిలాక టపటప మొన సాగిపోయి, సాఫ్ట్‌వేర్‌కు దొరకదు. విద్యుత్ రికార్డింగులకు 250-300 హెర్ట్జ్ కింద బాస్ పెంచండి, బాకా కాలంవాటికి అక్కర్లేదు. ప్లేటు మొదట్లోని పాటలేని గాడి నుంచి నమూనా తీసుకుని నాయిస్ రిడక్షన్ 6 డెసిబెల్స్ ఇవ్వండి. 12 దాటితే 'స', 'శ' అక్షరాలు మింగేసినట్టయి, గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుంటుంది. కాస్త బరబర మిగలడమే నయం.

శుద్ధి చేయని ఫైలును వేరుగా దాచండి. పేరులో లేబుల్ నంబరు, పాట అయిపోయిన చోట లక్క మీద చెక్కిన మాట్రిక్స్ నంబరు, వాడిన ముల్లు, వేగం రాయండి. యూట్యూబ్‌లో పెట్టేముందు హక్కులు చూసుకోండి. మన చట్టంలో రికార్డింగుకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు, సాహిత్యానికి రచయిత పోయాక 60 ఏళ్ళు, రెండూ వేర్వేరు.

ప్లేట్లను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా కాగితపు సంచుల్లో నిటారుగా పెట్టండి. మన ఎండాకాలంలో రేకుల గదిలో ఉంచితే వంగిపోతాయి.