కొండ మీది క్లినిక్‌కి సోలార్ – 4వ పాఠం: ముసురు రాత్రికి ఎంత బ్యాటరీ కావాలి?

పోయిన పాఠంలో లోడు పట్టిక, అంటే క్లినిక్‌లో ఏ వస్తువు ఎన్ని వాట్లతో ఎన్ని గంటలు నడుస్తుందో రాసుకునే కాగితం, వేసుకున్నాం. పాడేరు ఏజెన్సీలో రోడ్డు ఆగిపోయే చోట ఉన్న ఆరు పడకల మిషన్ క్లినిక్‌నే ఉదాహరణగా పట్టుకుని నడుస్తున్నాం కాబట్టి ఆ కాగితం పక్కన పెట్టుకోండి. పట్టిక ఇంకా వేయనివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి. లోడు తెలియకుండా బ్యాటరీ కొనడమంటే కొలతలివ్వకుండా చొక్కా కుట్టించుకోవడమే.

మిషన్ ట్రిప్పుకు, అంటే ఇలాంటి క్లినిక్‌కు కొద్ది రోజుల సేవకు, బయల్దేరే టీములో ఎవరైనా మొదట అడిగేది "ఎన్ని ప్యానెళ్లు పెడుతున్నారు?" అనే. ఫొటోలో కనిపించేవి అవే మరి. దాతలు ప్యానెల్ ఫ్రేము మీద పేరు రాయించుకుంటారు గానీ బ్యాటరీ మీద రాయించుకున్నవాళ్లను నేను చూడలేదు. నిజానికి ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుంది. ముందు చచ్చేది బ్యాటరీ. అది చచ్చిన రాత్రి పైకప్పు మీద ఎన్ని ప్యానెళ్లున్నా ప్రసవ గదిలో సిస్టరమ్మ చేతిలో సెల్‌ఫోన్ టార్చే ఉంటుంది. అందుకే మన పాఠాల్లో ప్యానెళ్ల కంటే ముందు బ్యాటరీ వస్తోంది.

ఒక రాత్రి లెక్క

సాయంత్రం 6 నుంచి ఉదయం 6 వరకు వాడేవాటినే తీసుకుందాం. ప్రసవ గదిలో 20 వాట్ల ట్యూబులు రెండు, సగటున 6 గంటలు: 240 వాట్ అవర్లు. వార్డులో 9 వాట్ల బల్బులు మూడు, 6 గంటలు: 162. వరండా, బయట దారి దీపాలు రెండు, అవీ 9 వాట్లవే, తెల్లవార్లూ: 216. ఫ్యాన్లు రెండు, 8 గంటలు: 480. ఇక్కడ ఫ్యాన్లంటే 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు లాగే మోటారు ఉన్న) ఫ్యాన్లు. మామూలు ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, దాన్ని సోలార్ క్లినిక్‌లో ఉంచడం దండగ. సక్షన్ మెషీన్ 120 వాట్లు, అరగంట: 60. ఫోన్ల ఛార్జింగుకు 100. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సన్‌ట్రేటర్ 350 వాట్లు, 2 గంటలు: 700.

అన్నీ కలిపితే 1958. అంటే కరెంటు బిల్లు భాషలో దాదాపు 2 యూనిట్లు.

ఇక్కడితో ఆపేస్తే లెక్క తప్పుతుంది. బ్యాటరీలోది ఇన్వర్టర్ గుండా బయటికి వచ్చేసరికి తరుగు పోతుంది. 15 శాతం పోతుందనుకుని 1958ని 0.85తో భాగించండి: 2303. ఇంకో తరుగు ఎవరికీ కనిపించదు. ఏ దీపమూ వెలగకపోయినా, ఆన్‌లో ఉన్నందుకే ఇన్వర్టర్ తనకోసం కొంత తింటుంది. 25 వాట్లు అనుకున్నా 12 గంటలకు 300 వాట్ అవర్లు. వార్డు బల్బులు మూడూ కలిసి వాడేదానికంటే ఇదే ఎక్కువ! కొనేటప్పుడు "నో-లోడ్ కరెంటు ఎంత?" అని అడగండి. షాపువాడు తెల్లమొహం వేస్తే మాన్యువల్ తెరిపించి చూడండి.

మొత్తం 2603. రాత్రికి 2.6 యూనిట్లు.

బేబీ వార్మర్ ఎందుకు రాయలేదని నర్సులు అడుగుతారు. అడగాలి కూడా. దాని హీటరు 600 వాట్లు అనుకుంటే, 4 గంటలకే 2.4 యూనిట్లు. అదొక్కటే ఒక రాత్రి మొత్తం కరెంటును మింగేస్తుంది. బిడ్డను తల్లి గుండెకు ఆనించి కప్పే కంగారూ మదర్ కేర్ ఏ బిడ్డకు సరిపోతుందో, ఏ బిడ్డకు వార్మర్ తప్పదో తేల్చాల్సింది డాక్టరు. మన పని "వార్మర్ కావాలంటే బ్యాటరీ రెట్టింపు అవుతుంది" అని డబ్బులు లెక్కపెట్టకముందే వాళ్లకు చెప్పడం. పరికరాలను ఆవిరితో క్రిములు లేకుండా చేసే ఆటోక్లేవ్‌కు మాత్రం బేరం లేదు. అది గ్యాస్ పొయ్యి మీద పెట్టే రకమే.

ముసురు పడితే

ఎండాకాలంలో బిగించిన సిస్టమ్ జూలై, ఆగస్టుల్లో ఎందుకు మొరాయిస్తుందో మన్యం వానలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మూడేసి రోజులు ముసురు పట్టి సూర్యుడే కనిపించడు. అలాంటి పగలు ప్యానెళ్లు ఇచ్చే కొద్దిపాటి కరెంటు పగటి వాడకానికే సరిపోతుంది, బ్యాటరీలోకి ఏమీ మిగలదు. కాబట్టి ఎండ లేకుండా ఎన్ని రాత్రులు గడవాలి అన్నది మనమే నిర్ణయించాలి.

పుస్తకాల్లో మూడు రోజులు, ఐదు రోజులు అని రాస్తారు. డబ్బులున్న చోట అలాగే పెట్టండి. నేను రెండు రాత్రులకే వేస్తాను, రెండో రాత్రికి పొదుపు పెడతాను. ఫ్యాన్లు, వరండా దీపాలు, ఫోన్ల ఛార్జింగు ఆపేస్తే 1162 మిగులుతుంది. 0.85తో భాగించి, ఇన్వర్టర్ తిండి 300 కలిపితే 1667. మొదటి రాత్రి 2603, రెండో రాత్రి 1667, మొత్తం 4270. వానాకాలపు రాత్రి కొండ మీద ఫ్యాను ఆగిందని ఎవరూ ఏడవరు.

అయితే ఈ పొదుపు క్లినిక్‌వాళ్లు ఒప్పుకుంటేనే పనిచేస్తుంది. ఫ్యాన్లకు, వరండాకు వేరే ఎంసీబీ పెట్టి దాని మీద ఎర్ర పెయింటుతో "ముసురులో ఆపాలి" అని రాయండి. ఇంగ్లీషులో రాయొద్దు.

లెడ్డా, లిథియమా?

లెడ్ యాసిడ్ ట్యూబ్యులర్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు. రోజూ అడుగంటా వాడితే ఆయుష్షు తగ్గిపోతుంది. 4270 కావాలంటే 8540 ఉన్నది కొనాలి. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే 2400 వాట్ అవర్లు. నాలుగు కొంటే 9600, సరిపోయింది. లేబుల్ మీద సీ10 అని ఉన్నది తీసుకోండి. ఇంటి ఇన్వర్టర్లకు అమ్మేవి ఎక్కువగా సీ20, అంటే 20 గంటల మీద నిదానంగా ఖాళీ చేస్తే వచ్చే అంకె. అదే బ్యాటరీని 10 గంటల్లో ఖాళీ చేస్తే అంత రాదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో ఎనభై ఐదు శాతం దాకా వాడుకోవచ్చు. 25.6 వోల్టుల 100 ఆంపియర్ అవర్ ప్యాకులు రెండు పెడితే 5120, అందులో 4270 అంటే 83 శాతం.

ఇప్పుడు బరువు చూడండి. ఆ ట్యూబ్యులర్ బ్యాటరీ యాసిడ్‌తో కలిపి ఒక్కోటి 60 కిలోల పైమాటే, నాలుగూ కలిపి పావు టన్ను. లిథియం ప్యాకు ఒక్కోటి పాతిక కిలోల చుట్టుపక్కల. జీపు ఆగిన చోటి నుంచి పైకి, రోగులను డోలీలో దించే దారిలోనే, బ్యాటరీలను ఎక్కించాలి. లెడ్ బ్యాటరీని కావడికి కట్టి మోస్తే వంగిన చోటల్లా యాసిడ్ ఒలుకుతుంది. మోసేది ఊరి కుర్రాళ్లు, వాళ్ల భుజాల మీద పడుతుంది.

నా ఓటు లిథియానికే. మోతకన్నా పెద్ద కారణం వేరే ఉంది: మనం నాలుగు రోజులుండి కొండ దిగిపోతాం. లెడ్ బ్యాటరీకి రెండు మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఊట నీళ్లు అద్దంలా ఉన్నాయని అవి పోస్తే అందులోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. ఆర్‌ఓ నీళ్లూ డిస్టిల్డ్ వాటర్ కావు. పోసే మనిషి ఎవరో పేరుతో సహా తేలితే, బ్యాటరీ మెకానిక్ పాడేరులోనో చింతపల్లిలోనో అందుబాటులో ఉంటే, డబ్బు తక్కువైతే, లెడ్ తీసుకోండి, తప్పేం లేదు. ఆ మనిషి పేరు తేలకపోతే మాత్రం వద్దు. పొరుగున ఛత్తీస్‌గఢ్‌లో క్రెడా అనే రాష్ట్ర సంస్థ వందలాది పీహెచ్‌సీలకు 2 కిలోవాట్ల సోలార్ పెట్టింది. ఆ రాష్ట్రం నుంచి మనం నేర్చుకోవాల్సింది ప్యానెళ్ల సంఖ్య కాదు, బిగించాక నిర్వహణ చూసుకునే సంస్థ అంటూ ఒకటి ఉండటం.

లిథియానికీ ఒక పట్టింపు ఉంది. సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు. లంబసింగి వైపు చలికాలం సున్నా దరిదాపులకు పోతుంది కాబట్టి బయట షెడ్డులో కాకుండా గోడల మధ్య పెట్టండి.

ఎవరో దానంగా ఇచ్చిన పాత బ్యాటరీలను కొత్తవాటితో కలపొద్దు. బలహీనమైనది మిగతావాటినీ లాగేస్తుంది. వద్దని చెప్పడానికి మొహమాటపడితే రెండేళ్లలో అన్నీ మార్చాల్సొస్తుంది.

ఫ్రిజ్ సంగతి

2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఇన్సులిన్, ఆక్సిటోసిన్, టీకాల ఫ్రిజ్‌ను ఈ లెక్కలో కావాలనే కలపలేదు. దానికి సోలార్ డైరెక్ట్ డ్రైవ్ రకం తీసుకోండి. దానికి సొంత ప్యానెళ్లు ఉంటాయి, బ్యాటరీ ఉండదు, పగలు ఐసు కట్టించుకుని ఆ చల్లదనంతో రాత్రి గడుపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందినవి ఎండ లేకుండా కనీసం మూడు రోజులు నిలబడాలి. ఆ ప్యానెళ్ల నుంచి వేరే వైరు లాగి ఫోన్లు ఛార్జ్ చేసుకోవాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది. లాగనివ్వకండి.

బిగించడం

గది ముందు. లెడ్ అయితే ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది, అది తేలిక వాయువు, పైకి పోతుంది. అందుకే గోడ పైభాగాన వెంటిలేటర్ ఉండాలి. మందుల స్టోరులో బ్యాటరీ పెట్టొద్దు. ఆ గదిలో అగ్గిపుల్ల, దీపం, బీడీ ఏవీ వద్దు. కళ్లద్దాలు, బకెట్టు నీళ్లు, వంటసోడా చేతికందేలా పెట్టుకోండి. ఎలుకల కన్నాలు ముందే సిమెంటుతో పూడ్చండి.

ఉంగరం, గడియారం, కడియం తీసి జేబులో వేసుకోండి. స్పానర్‌కు నోరు తప్ప మిగతా అంతా ఇన్సులేషన్ టేపు చుట్టండి. రెండు టెర్మినళ్ల మధ్య స్పానర్ అడ్డంగా పడితే వేల ఆంపియర్లు పారుతుంది, ఇనుము కాలి అతుక్కుపోతుంది. షాకు కొట్టే వోల్టేజీ కాదు కదా అని తేలిగ్గా తీసుకునే చోటే వేళ్లు కాలతాయి.

నాలుగు లెడ్ బ్యాటరీలను రెండేసి సిరీస్‌లో కలిపితే 24 వోల్టుల వరసలు రెండు వస్తాయి. ఆ రెండింటినీ ప్యారలల్‌లో కలిపేటప్పుడు ఇన్వర్టర్‌కు వెళ్లే ప్లస్ తీగను మొదటి వరస నుంచి, మైనస్ తీగను రెండో వరస నుంచి తీయండి. రెండూ ఒకే వరస నుంచి తీస్తే ఆ వరస మీదే బరువు పడి అది త్వరగా ముసలిదవుతుంది. ఇన్వర్టర్‌కు కలిపే ముందు మల్టీమీటర్ పెట్టి ప్లస్, మైనస్ సరిచూడండి. పూర్తిగా ఛార్జయి కాసేపు ఊరకున్న లెడ్ జత 25.4 వోల్టుల దగ్గర చూపిస్తుంది, సగం ఖాళీ అయితే 24.4 దగ్గర. లిథియంలో వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, దానికి షంట్ (లోపలికి, బయటికి పోయే కరెంటును కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టాల్సిందే.

2 కేవీఏ ఇన్వర్టర్ నిండు లోడు మీద 24 వోల్టుల దగ్గర దాదాపు 80 ఆంపియర్లు లాగుతుంది. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, 2 మీటర్లు దాటకుండా వాడండి. 100 ఆంపియర్ల డీసీ (బ్యాటరీ ఇచ్చే రకం కరెంటు) ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు ఆనుకుని ఉండాలి, ఇన్వర్టర్ పక్కన కాదు. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ దీనికి పనికిరాదు, డీసీలో లేచిన మంటను అది ఆర్పలేదు. ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు అదుపు చేసి పంపే ఛార్జ్ కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెల్ కలపాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్.

ఇన్వర్టర్ చచ్చినా ప్రసవ గదిలో దీపం

2008లో లారా స్టాకెల్ అనే అమెరికన్ ప్రసూతి వైద్యురాలు ఉత్తర నైజీరియా ఆసుపత్రిలో కరెంటు లేక కాన్పులు ఎలా అవుతున్నాయో చూసింది. ఆ తర్వాత భర్త హాల్ ఆరన్‌సన్‌తో కలిసి సోలార్ సూట్‌కేసు, అంటే పెట్టెలో మోసుకెళ్లే చిన్న సోలార్ సెట్, తయారు చేసింది. అందులో నాకు నచ్చేది డీసీ దీపాలు. మధ్యలో ఇన్వర్టర్ లేదు, కాబట్టి పాడయ్యే వస్తువు ఒకటి తగ్గింది. మీరూ ప్రసవ గదికి 12 వోల్టుల చిన్న సెట్ విడిగా పెట్టండి: 50 వాట్ల ప్యానెల్, 20 ఆంపియర్ అవర్ బ్యాటరీ, చిన్న కంట్రోలర్, రెండు డీసీ ఎల్‌ఈడీలు. పెద్ద సిస్టమ్ మొత్తం పడిపోయినా ఇది వెలగాలి.

డబ్బు ఆదా అవుతుందని పెద్ద బ్యాటరీల జతలోంచి ఒక్కదానికి వైరు తగిలించి 12 వోల్టులు తీసుకోవద్దు. అది ఒక్కటే ఎక్కువ ఖాళీ అయి జత తప్పుతుంది, తర్వాత రెండూ పోతాయి.

ఇంటిపని

చింతపల్లి వైపు ఒక చిన్న క్లినిక్. మొదటి రాత్రి వాడకం 900 వాట్ అవర్లు, పొదుపు రాత్రి 500. ఇన్వర్టర్ తరుగు 15 శాతం, ఊరికే ఉన్నా తినేది 20 వాట్లు, రాత్రి 12 గంటలు. సిస్టమ్ 24 వోల్టులు, లెడ్ బ్యాటరీలు, సగమే వాడాలి. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్‌వి ఎన్ని కావాలి? 200వి అయితే ఎన్ని? లెక్కలో మూడు వస్తే ఏం చేస్తారు?

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లు మరో పని చేయండి. లోడంతా ఆపి, డీసీ కొలిచే క్లాంప్ మీటర్‌ను బ్యాటరీ తీగకు తగిలించి ఎంత లాగుతుందో రాసుకోండి. జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఇస్తాను. ఆ తర్వాత పైకప్పు ఎక్కుదాం: రేకుల మీద ప్యానెల్ బిగింపు, వాలు ఎంత, చలికాలపు పొద్దున పొగమంచు మింగేసే గంటలను లెక్కలోకి ఎలా తీసుకోవాలి.