శత్రువుల నుండి విడుదల కోసం ప్రార్థన – 4వ పాఠం: ఉత్తరం విప్పి పరచడం

ఈ వారం హిజ్కియా రాజు ప్రార్థన నేర్చుకోవాలి. దానికి ముందు పోయిన పాఠం సంగతి తేల్చాలి.

109వ కీర్తన ఇచ్చి, "మనసులో ఉన్న పేరు దాచకుండా దేవుని ముందు చెప్పండి" అన్నాను. చెప్పారు. ఒక అక్క తోడికోడలి పేరు పెట్టి రోజూ రాత్రి చదివింది. వారం తిరిగేసరికి ఆమెకే నిద్ర కరువైంది. పొలం గట్టు తగాదాలో ఉన్న ఒక తమ్ముడు, "ఇరవై ఒక్క రోజులు చదివితే కేసు మనవైపు వస్తుందా అన్నా?" అని అడిగాడు. ఇంకొకరు, "చదివేకొద్దీ కోపం పెరుగుతోంది, నేను తప్పు చేస్తున్నానా?" అన్నారు.

తప్పు నాది. పేరు చెప్పమన్నాను గానీ ఎక్కడిదాకా చదవాలో చెప్పలేదు. అడిగి చూస్తే మీలో చాలామంది 20వ వచనం దగ్గరే ఆపేశారు. ఆ కీర్తనలో 31 వచనాలున్నాయి. 6 నుంచి 19 వరకు శాపాలు. (అవి శత్రువులు దావీదు మీద పలికిన మాటలేనని చెప్పే పండితులూ ఉన్నారు. ఆ చర్చ ఇప్పుడు వద్దు.) 21వ వచనంలో మాట తిరుగుతుంది: నాకు సహాయం చెయ్యి, నేను దీనుణ్ణి, నా గుండె నాలో గాయపడింది. అక్కడి నుంచి కీర్తనకారుడు తన గాయం చూపిస్తున్నాడు. 6వ వచనంలో శత్రువు కుడిపక్కన అపవాది నిలబడాలని ఉంది. 31వ వచనంలో దీనుడి కుడిపక్కన యెహోవా నిలబడ్డాడు. ఆ ప్రయాణం పూర్తిగా చేయకుండా మధ్యలో దిగిపోతే మిగిలేది కోపమే. ఆ అక్క నిద్ర అందుకే పోయింది.

ఇక ఆ తమ్ముడి ప్రశ్న. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇది నన్ను ఏళ్ల తరబడి బాధపెడుతోంది. ఫలానా కీర్తన ఇన్నిసార్లు, ఇన్ని రోజులు, ఫలానా వేళలో చదివితే శత్రువు కూలిపోతాడని మన మధ్య చెప్పుకుంటారు. కూటాల్లో కూడా విన్నాను. పేరు పెట్టి, లెక్క పెట్టి, ఒక మనిషి చెడిపోవాలని మాటలు చదవడాన్ని మన ఊళ్లలో ఏమంటారో మీకు తెలుసు. చేతబడి అంటారు. చేతిలో బైబిలు ఉన్నంత మాత్రాన ఆ పని పేరు మారదు. ఉపవాసం మంచిది, ఇరవై ఒక్క రోజులు కూర్చోవడమూ మంచిదే. కానీ లెక్క పూర్తయింది కాబట్టి దేవుడు బాకీ పడ్డాడనుకోవడం ప్రార్థన కాదు.

కోర్టులో అర్జీ ఎలా రాస్తారో చూడండి. ఏం జరిగిందో రాస్తారు. ఏ ఉపశమనం కావాలో అడుగుతారు. తీర్పు కాగితం మాత్రం మనం రాసి జడ్జిగారి ముందు పెట్టం. "వాడి కొడుక్కి ఉద్యోగం పోవాలి" అంటే తీర్పు రాసినట్టు. "ఆమె నా కాళ్ల దగ్గరికి రావాలి" అన్నా అంతే. "మేనేజర్‌కి ట్రాన్స్‌ఫర్ రావాలి" అనేది మెత్తగా వినిపిస్తుంది గానీ అదీ తీర్పే. "ఆయన నా మీద పెట్టిన అబద్ధం నిలబడకూడదు ప్రభువా, నా అన్నం నాకు దక్కనివ్వు" అంటే అర్జీ. "పగతీర్చుట నా పని" అని రోమా 12:19లో దేవుడు ఆ జడ్జి కుర్చీని తన దగ్గరే ఉంచుకున్నాడు.

మరి దావీదు 58వ కీర్తనలో వాళ్ల పళ్లు విరగ్గొట్టమన్నాడు కదా అంటారు. అన్నాడు. ఆ మాట దేవుని దగ్గర అన్నాడు, అక్కడే వదిలాడు. తనను చంపాలని వెంటాడుతున్న సౌలు రాజు ఏన్గెదీ గుహలో తన చేతికే చిక్కినప్పుడు దావీదు కోసింది అతని బట్ట చెంగు మాత్రమే. దానికీ మనసు నొచ్చుకున్నాడు. మీకూ అలాంటి మాట వస్తే రానివ్వండి, మింగకండి. అన్నాక అక్కడ వదిలేసి రండి.

ఇప్పుడు హిజ్కియా. 2 రాజులు 18, 19 అధ్యాయాలు ఒకేసారి చదవండి, కథ మళ్లీ చెప్పను. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి వచ్చాడు. 46 పట్టణాలు పట్టుకున్నాననీ, హిజ్కియాను పంజరంలో పిట్టలా బంధించాననీ తన శాసనంలో రాయించుకున్నాడు. ఆ మట్టి శాసనం లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. హిజ్కియా మందిరంలోని వెండి ఇచ్చాడు, తలుపుల బంగారం ఊడదీసి ఇచ్చాడు. అయినా బెదిరింపు ఉత్తరం వచ్చింది. దాన్ని మందిరానికి తీసుకెళ్లి యెహోవా ముందు విప్పి పరిచాడు.

ప్రార్థన ఐదే వచనాలు, 19:15 నుంచి 19 వరకు. నాకు ఎక్కువ ఇష్టమైనది 17వ వచనం. అష్షూరు రాజులు దేశాలను పాడుచేసిన మాట నిజమే అంటాడు. శత్రువు బలాన్ని తగ్గించి చెప్పలేదు. మనం విశ్వాసం పేరుతో "ఏం కాదు, అంతా బాగానే ఉంది" అని మొదలుపెడతాం. నిజమే ప్రభువా, వాళ్ల దగ్గర డబ్బుంది, కాగితాలున్నాయి, మనుషులున్నారు అని చెప్పడానికి భయపడతాం. చెప్పండి. ఆ తరువాత 19లో ఒక్కటే మనవి: అతని చేతిలోనుండి మమ్మును రక్షించుము. సన్హెరీబును ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. ఆ రాత్రి అష్షూరు దండు చచ్చిపడడమూ, తరువాత నీనెవెలో సొంత కొడుకుల చేతిలో ఆ రాజు చావడమూ హిజ్కియా అడిగినవి కావు.

ఈ ప్రార్థన చేసిన మనిషే ఊరి బయట నీళ్ల ఊటలు పూడ్పించాడు, రాతిలో సుమారు 530 మీటర్ల సొరంగం తొలిపించి గిహోను ఊట నీళ్లు పట్టణంలోకి తెచ్చాడు. ఆ సొరంగం ఇప్పటికీ యెరూషలేములో ఉంది. కాబట్టి ప్రార్థన చేస్తున్నానని లాయర్ దగ్గరికి వెళ్లడం మానకండి. ఇంట్లో దెబ్బలు తింటున్న అక్కచెల్లెళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను: సౌలు మనుషులు ఇల్లు చుట్టుముట్టినప్పుడు దావీదు 59వ కీర్తన పాడాడు, భార్య మీకాలు దింపితే కిటికీలోంచి పారిపోయాడు కూడా. 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. అది అవిశ్వాసం కాదు.

అభ్యాసం ఏడు రోజులది, కష్టంగానే ఉంటుంది.

ఒక కాగితం తీసుకోండి. ఫోన్‌లో వద్దు, కాగితమే. జరిగింది రాయండి. అవతలివాళ్ల మెసేజ్ ఉంటే అక్షరం మార్చకుండా ఎత్తి రాయండి. అందులో మీ తప్పు ఉంటే అదీ రాయండి. ఉదయం ఫోన్ ముట్టుకోకముందు దాన్ని నేల మీద పరచి, హిజ్కియా వరుసలో ప్రార్థించండి: దేవుడు ఎవరో, చూడమనీ వినమనీ, నిజమే అనీ, చివర ఒకే మనవి. వాడుక మాటల్లోనే అడగండి. ఏడుపు వచ్చేది గ్రాంథికంలో కాదు. ఆ ఏడు రోజులూ ఆ మనిషి గురించి ఎవరి దగ్గరా మాట్లాడకండి. లాయర్‌తో, పోలీసులతో, మీకు సాయం చేస్తున్నవాళ్లతో తప్ప. అష్షూరు రాజు పంపిన రబ్షాకే యెరూషలేము గోడ కింద నిలబడి అరిచినప్పుడు పైనున్న జనం బదులు పలకలేదు, 18:36 చూడండి.

ఏడో రోజు ఆ మనిషికి నిజంగా అవసరమైనది ఒకటి అడగండి. షుగర్ తగ్గాలనో, కూతురి కాన్పు సుఖంగా జరగాలనో. నోరు రాకపోతే రాలేదని దేవునికే చెప్పి లేవండి.

కాగితం చింపేయకండి. 5వ పాఠం 55వ కీర్తన మీద, కీడు చేసినవాడు ఒకప్పటి స్నేహితుడైతే ఎలా ప్రార్థించాలో. ఆ కాగితం అప్పుడు కావాలి.