కొత్త కారులో లోపం బయటపడితే ఏం చేయాలి?

కొత్త కారు షోరూం దాటిన కొన్నాళ్లకే గేర్లు సరిగా పడకపోవడమో, ఇంజన్ నడిరోడ్డు మీద ఆగిపోవడమో మొదలైతే, డీలరుతో వాదనకు దిగేకన్నా ముందు రాతపూర్వకమైన ఆధారం సంపాదించుకోవాలి. ఆ ఆధారం జాబ్ కార్డు, అంటే కారును సర్వీసుకు ఇచ్చేటప్పుడు మీ ఫిర్యాదు రాసుకునే కాగితం. సర్వీస్ సెంటర్లో మీరు ఎంత వివరంగా చెప్పినా ‘జనరల్ చెకప్’ అని రాసి సంతకం పెట్టమనడం మామూలే. ఆ రెండు మాటలతో మీ ఫిర్యాదు కాగితం మీద లేకుండా పోతుంది. ‘ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆపితే ఇంజన్ ఆగిపోతోంది’ అన్న మీ మాట, తేదీ, కిలోమీటర్ల రీడింగు కార్డు మీద ఉన్నాయని చూసుకున్న తరువాతే సంతకం చేయండి. వారంటీ కింద డబ్బు తీసుకోకపోయినా, ఏ భాగం మార్చారో తెలిపే బిల్లు అడిగి తీసుకోండి.

అదే లోపం మళ్లీ మళ్లీ వస్తుంటే డీలరుకూ, తయారీ కంపెనీకీ విడివిడిగా ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. ఇద్దరి బాధ్యతా ఎప్పుడూ ఒకటే కాదు: డీలరు చేసిన మోసం కంపెనీకి తెలుసని నిరూపించనిదే కంపెనీని బాధ్యురాలిని చేయలేమని టాటా మోటార్స్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అయితే అక్కడ జరిగేది రాజీ ప్రయత్నమే తప్ప తీర్పు కాదు.

తీర్పు కావాలంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషన్ చాలు. హైదరాబాద్‌లో కారు కొన్న ఖమ్మం వాసి ఖమ్మంలోనే ఫిర్యాదు వేయవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. ధర 5 లక్షల వరకు రుసుము లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400 రూపాయలు. గడువు మాత్రం రెండేళ్లు. సొంతంగా నడుపుకుని బతకడానికి ట్యాక్సీ కొన్నవారూ వినియోగదారులే.

కారు మార్చాలనో, డబ్బు వాపసు ఇవ్వాలనో మాత్రమే పట్టుబట్టడం మంచిది కాదని నా అభిప్రాయం. లోపమున్న భాగాన్ని మారిస్తే సరిపోయే చోట మొత్తం కారును మార్చమనడం కుదరదని మారుతి ఉద్యోగ్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి కారు మార్పిడి, అది కాకపోతే వడ్డీతో ధర వాపసు, అదీ కాకపోతే ఉచిత మరమ్మతు అని వరుసగా కోరుతూ, వీటన్నిటితో పాటు నష్టపరిహారమూ ఖర్చులూ అడగడం వివేకం. తయారీలోనే లోపముందని నిరూపించవలసిన భారం సాధారణంగా కొన్నవారిదే గనుక, సాంకేతిక పరీక్ష అవసరమయ్యే లోపమైతే కారును తగిన ప్రయోగశాలకు పంపమని కమిషన్‌ను మొదట్లోనే అర్థించండి. చట్టంలోని 38వ సెక్షన్ అందుకు వీలు కల్పిస్తోంది.

కేసు నడుస్తున్నంత కాలం కారును అమ్మకండి, బయటి మెకానిక్‌తో విప్పించకండి, సర్వీసింగ్ గడువు తప్పనివ్వకండి. కొన్నవారే పాడుచేశారనే వాదనకు కంపెనీ వెతికేది ఇలాంటి అవకాశాల కోసమే.