ఇంగ్లండ్ పల్లెల్లో పొలాల మీదుగా నడవాలంటే: విశాఖ నుంచి పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకు

ఎంవీపీ కాలనీ నుంచో గాజువాక నుంచో ఇంగ్లండ్‌లో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లే అమ్మానాన్నలకు పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడిచే అలవాటు ఉంటుంది. అక్కడికెళ్లాక నాలుగు గోడల మధ్య కాళ్లు పట్టేస్తాయి. నిజానికి నడవడానికి అంత మంచి దేశం ఇంకోటి దొరకడం కష్టం. ఏ చిన్న పల్లెకి వెళ్లినా చర్చి పక్క సందులోంచి గొర్రెలు మేసే బీడులోకి, అక్కణ్ణుంచి గోధుమ చేను నడిమధ్యకి కాలిబాట పోతూనే ఉంటుంది. చిక్కల్లా అది ఎవరో రైతు సొంత పొలం కావడమే. అడుగు పెడితే ఏమంటారో అని మనవాళ్లు కంచె దగ్గరే ఆగిపోతారు. ఇంకొందరు బాట కనిపించింది కదా అని చేనంతా తిరిగేస్తారు. రెండూ తప్పే. పొలం రైతుది, దాని మీదుగా పోయే బాట జనానిది. గేటు ఎలా వేయాలి, పశువుల దగ్గర ఏం చేయాలి, బురదలో ఎటు నుంచి నడవాలి అన్నవన్నీ ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంటాయి.

బాట ఎక్కడుందో పట్టుకోవడం

ఈ నడక హక్కు రైతు దయ కాదు, చట్టం. 1949లో వచ్చిన జాతీయ పార్కుల చట్టం ప్రతి కౌంటీ (మన జిల్లా లాంటిది) తన పరిధిలోని కాలిబాటలన్నిటినీ పటం మీద గీసి నమోదు చేయాలని చెప్పింది. అంతకు ముందు, 1932 ఏప్రిల్ 24న డెర్బీషైర్‌లోని కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి వందలాది మంది కార్మికులు కావాలనే అడ్డు దాటి ఎక్కారు. కొందరు జైలుకి కూడా వెళ్లారు. ఈ హక్కు వెనక అలాంటి పోరాటాలున్నాయి కాబట్టి బెరుకు లేకుండా నడవండి, పద్ధతిగా నడవండి.

రోడ్డు పక్కన ‘పబ్లిక్ ఫుట్‌పాత్’ అని రాసిన చేతిగుర్తు స్తంభం ఉంటే అది బాట మొదలు. లోపలికి వెళ్లాక గేటు గుంజల మీద అరచేయంత చిన్న బిళ్లలు కొట్టి ఉంటాయి, వాటి మీద బాణం గుర్తు ఉంటుంది. రంగు చూడండి. పసుపు బాణం అయితే నడిచేవాళ్లకు మాత్రమే. నీలం అయితే నడకతో పాటు గుర్రాలకూ సైకిళ్లకూ. ముదురు ఊదా అయితే మోటారు లేని బళ్లకు కూడా. ఎరుపు అయితే కార్లూ రావచ్చు. బాణం ఎటు చూపిస్తే అటే చేను దాటాలి. పొలం అవతలి కంచెలో తర్వాతి గేటు ఎక్కడుందో ముందు కళ్లతో వెతికి పట్టుకుని, అప్పుడు కదలండి. అడుగుల జాడని మాత్రం నమ్మొద్దు. చాలాసార్లు అది గొర్రెలు తొక్కిన దారే అయి, నీళ్ల తొట్టి దగ్గర ఆగిపోతుంది.

పటం కావాలి. 1791 నుంచి పటాలు గీస్తున్న ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్లవి రెండు రకాలు దొరుకుతాయి: గులాబి అట్ట ల్యాండ్‌రేంజర్ (1:50,000), నారింజ అట్ట ఎక్స్‌ప్లోరర్ (1:25,000). నడకకి నారింజదే కొనండి. అందులో 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. అన్నిటికంటే ముఖ్యం, పొలాల కంచెలు కూడా సన్నని నల్లగీతలుగా కనిపిస్తాయి. కంచెకి కుడి పక్క నడవాలా ఎడమ పక్కా అన్నది గులాబి పటంలో తేలదు, నారింజ దాంట్లో తేలుతుంది. పొట్టి ఆకుపచ్చ గీతల వరస కాలిబాట, పొడుగు గీతల వరస గుర్రపు బాట. నారింజ రంగు గీతలుంటే యజమాని ఇష్టపడి ఇచ్చిన దారి, ఆయన దాన్ని మూసేయొచ్చు కూడా. లేత పసుపు పూసి ఉన్న కొండలూ బీళ్లూ 2000 నాటి చట్టం కింద స్వేచ్ఛగా తిరగడానికి తెరిచినవి, అక్కడ బాట వదిలి నడిచినా తప్పులేదు.

కొత్తవాళ్లు పొరబడేది నల్లరంగు దగ్గర. నల్ల గీతల వరస నేల మీద దారి ఉందని మాత్రమే చెబుతుంది, హక్కు ఉందని కాదు. నల్ల చుక్కల వరస అయితే దారే కాదు, ఊరి పొలిమేర. దాన్ని బాట అనుకుని వెళ్తే ముళ్లకంచె ఎదురవుతుంది.

ఫోన్లో ఇదే పటం ఆప్‌గా దొరుకుతుంది, ఇంట్లో వైఫై ఉండగానే దించుకోండి. లోయల్లో సిగ్నల్ ఉండదు, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. కాగితం పటం సంచిలో ఉండాల్సిందే.

మొదటి నడక

మొదటిసారికి కాట్స్‌వోల్డ్స్ కొండల్లోని బోర్టన్-ఆన్-ద-వాటర్ నుంచి లోయర్ స్లాటర్, అక్కణ్ణుంచి ఐ అనే సన్నని ఏటి పక్కగా అప్పర్ స్లాటర్ వెళ్లి, వచ్చిన దారినే తిరిగి రండి. మొత్తం 7 కిలోమీటర్ల లోపు, ఎక్కుడు దిగుడులు తక్కువ. తేనెరంగు సున్నపురాయి ఇళ్లు, లోయర్ స్లాటర్‌లో పాత పిండిమర, అప్పర్ స్లాటర్‌లో ఏరు రోడ్డుని దాటే చోటు, అన్నీ ఈ దారిలోనే ఉన్నాయి. పటం ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 45. లండన్ పాడింగ్టన్ నుంచి మోర్టన్-ఇన్-మార్ష్ దాకా నేరుగా రైలుంది, అక్కణ్ణుంచి బోర్టన్‌కి బస్సు. పల్లె బస్సులు ఆదివారాలు చాలాచోట్ల నడవవు, సాయంత్రం తొందరగా ఆగిపోతాయి. బయల్దేరే ముందే ఆఖరి బస్సు టైము రాసుకోండి. స్టాపులో నించున్నా చెయ్యి ఎత్తకపోతే డ్రైవరు ఆపకుండా పోవచ్చు.

టైము లెక్క వేయడానికి పాత సూత్రం ఒకటుంది: గంటకి 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. అది పట్టుగా నడిచే కుర్రాళ్లకి. అరవై దాటినవాళ్లు, గేట్లూ బురదా కలుపుకుని గంటకి 3 కిలోమీటర్లే వేసుకోవాలి. విశాఖలో ఏడాది పొడుగునా సూర్యాస్తమయం ఐదుంపావుకీ ఆరూముప్పావుకీ మధ్యే. అక్కడ దక్షిణ ఇంగ్లండ్‌లో జూన్ నెలాఖరుకి తొమ్మిది దాటినా వెలుగుంటుంది, డిసెంబరులో నాలుగు కాకుండానే పొద్దు గుంకుతుంది. చలికాలంలో మధ్యాహ్నం రెండున్నరకి రోడ్డు మీదికి వచ్చేసేలా చూసుకోండి.

ఇక్కడ ఉండగా చేయాల్సినవి

చీలమండ కప్పే వాటర్‌ప్రూఫ్ బూట్లు విశాఖలోనే కొనండి. మందపాటి ఉన్ని మేజోళ్లు తొడుక్కుని సాయంత్రం పూట సరిచూడండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. కొత్త బూట్లతో విమానం ఎక్కొద్దు, రెండు మూడు వారాలు తొడిగి నడవండి. అయితే బీచ్ రోడ్డు చదును ఒక్కటీ చాలదు. తొట్లకొండ, కంబాలకొండ దారుల్లో ఎగుడుదిగుడు నేల అలవాటవుతుంది. సింహాచలం మెట్లదారి ఎక్కడానికే కాదు, దిగడానికీ వాడుకోండి. మోకాళ్లకి పరీక్ష దిగేటప్పుడే. గిరిప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచేవాళ్లకి దూరం లెక్కే కాదు, వాళ్లకి కొత్తగా ఉండేది జారే నేల.

చీర, పంచె కంచెలు దాటడానికి పనికిరావు. ప్యాంటు, చుడీదార్ ఏదైనా సరే, జీన్స్ మాత్రం వద్దు. తడిస్తే బరువెక్కి గంటల తరబడి ఆరదు. గొడుగు గాలికి తిరగబడుతుంది, టోపీ ఉన్న వాన కోటు మేలు. దళసరి స్వెట్టరు ఒకటి కంటే పల్చటివి రెండు మంచివి, ఎక్కేటప్పుడు ఒకటి తీసేయొచ్చు.

తినడానికి పులిహోర కట్టుకెళ్లండి, చల్లారినా బాగుంటుంది, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ల సీసా ఇంకోటి. పులిహోర గుజ్జు విశాఖ నుంచి పట్టుకెళ్లొచ్చు కానీ నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు బ్రిటన్‌లోకి తీసుకురానివ్వరు. పల్లెలో పబ్బు ఉంటే వేడిగా తినొచ్చు, ఆర్డరు చాలావరకు కౌంటరు దగ్గరే ఇవ్వాలి. మధ్యాహ్నం వంటగది రెండు, రెండున్నరకల్లా మూసేస్తారు. కాబట్టి పన్నెండున్నరకే చేరండి.

కంచె దాటడం

స్టైల్ అంటే కంచెకి అడ్డంగా బిగించిన చెక్క మెట్టు, పక్కన పట్టుకోవడానికి ఎత్తు గుంజ. ఇక్కడే ఎక్కువమంది పడతారు, అదీ దిగేటప్పుడు. ముందు గుంజని ఊపి చూడండి, కుళ్లిన కర్ర కదులుతుంది. గుంజ గట్టిగా పట్టుకుని కింది చెక్క మీద పాదం మొత్తం ఆనించండి, చివర కాదు, గుంజకి దగ్గరగా. చివర్న వేస్తే చెక్క పైకి లేస్తుంది. రెండో మెట్టు మీద నిలదొక్కుకున్నాక ఒక కాలు పైకర్ర దాటించండి. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, ముఖం కంచె వైపు పెట్టుకుని నిచ్చెన దిగినట్టు దిగండి. ముందుకి గెంతొద్దు. అవతల నేల లోతుగానో బురదగానో ఉండొచ్చు. వానలో చెక్క మీద పాచి నున్నగా జారుతుంది. ఒకరు పూర్తిగా దిగాకే ఇంకొకరు ఎక్కాలి.

కిస్సింగ్ గేట్ ఇంకో రకం. చిన్న గుండ్రటి దొడ్డి మధ్య గేటు అటూ ఇటూ ఊగుతుంది, మనిషి పడతాడు, ఆవు పట్టదు. గేటు తోసి లోపలికి వెళ్లి మూలకి జరగండి. గేటుని మీ ముందు నుంచి వెనక్కి తోసి అవతలి సందులోంచి బయటికి రండి. వీపు సంచి ఉంటే ఇరుక్కుంటుంది, ముందే తీసి చేత్తో పట్టుకోండి.

మామూలు గేట్లకి ఒకటే నియమం: ఎలా ఉన్నదాన్ని అలాగే వదిలేయాలి. తెరిచి కట్టేసి ఉంటే పశువులు నీళ్ల దగ్గరికి వెళ్లడానికే రైతు అలా పెట్టాడు, మంచి చేస్తున్నామనుకుని మూస్తే అవి దాహంతో ఉండిపోతాయి. సన్నటి తెల్ల పట్టీ, పక్కన పసుపు బోర్డు ఉంటే కరెంటు కంచె. ప్లాస్టిక్ పిడి ఉన్నచోటే విప్పి, దాటాక మళ్లీ తగిలించండి.

పశువులు

విశాఖ వీధుల్లో ఆవు కనిపిస్తే అరటిపండు పెట్టి నుదురు తాకి దండం పెట్టడం మనకి సహజం. అక్కడ ఆ పని చేయొద్దు. ఆ మందలు మనుషుల చేతికి అలవాటు పడ్డవి కావు, పొలాల్లో నడిచేవాళ్లు ఆవులు తొక్కి చనిపోయిన సంఘటనలున్నాయి. దూడలున్న తల్లి ఆవు అన్నిటికంటే ప్రమాదం. తల్లికీ దూడకీ మధ్యకి ఎప్పుడూ వెళ్లకండి. మంద బాట మీదే పడుకుని ఉంటే కంచె పక్కగా చుట్టూ తిరిగి మళ్లీ బాటలోకి రండి, ఆ మేరకు పక్కకి జరగడం తప్పు కాదు.

వయసులో ఉన్న పడ్డలూ కోడెదూడలూ ఆసక్తితో మీ వైపు పరుగెత్తి వస్తాయి. చూస్తే గుండె ఆగినంత పనవుతుంది కానీ చాలావరకు అవి నాలుగు గజాల్లో ఆగిపోతాయి. మీరు పరుగు తీస్తే అవీ తీస్తాయి. ఆగి వాటి వైపు తిరిగి, చేతులు రెండూ చాపి, మామూలు గొంతుతో మాట్లాడుతూ నెమ్మదిగా గేటు వైపు నడవండి. పిల్లల కుక్క మీతో ఉంటే గొలుసు పొట్టిగా పట్టుకోండి. ఆవులు మీద పడుతున్నాయంటే గొలుసు వదిలేయండి, వాటికి కోపం కుక్క మీదే, అది తప్పించుకోగలదు. పది నెలలు దాటిన పాడి జాతి ఆంబోతుని బాట ఉన్న పొలంలో వదలడానికి చట్టం ఒప్పుకోదు. మాంసం జాతివైతే ఆవులతో కలిపి వదలొచ్చు. గుర్రాలకి కూడా ఏమీ పెట్టొద్దు, జబ్బు చేస్తాయి.

చేను, బురద, సన్నదారి

చేను మధ్య నుంచి బాట పోతే రైతు దున్నుకోవచ్చు కానీ, 14 రోజుల్లో కనీసం ఒక మీటరు వెడల్పు దారి మళ్లీ తేల్చాలి. అలా చేయకపోతే పంటలోంచే, పటం చూపిన గీత మీదే, ఒకరి వెనక ఒకరు నడవడం మీ హక్కు. బురద దగ్గర పక్కకి తప్పుకుంటూ పోతే బాట ఏటేటా వెడల్పయి పంట నలుగుతుంది. కాబట్టి మధ్యలోంచే నడవండి, బూట్లు కొన్నది అందుకే. నవంబరు నుంచి మార్చి దాకా గేట్ల దగ్గర బంకమట్టి పశువుల గిట్టలకి మెత్తబడి చీలమండ లోతు ఉంటుంది. ఒక చేతికర్ర ఉంటే నిలదొక్కుకోవచ్చు.

పక్కబాట లేని రోడ్డు మీద కుడివైపు, ఎదురొచ్చే బళ్లకి ముఖం పెట్టి నడవాలి. ఆ డొంకల్లాంటి దారుల్లోనూ గంటకి 60 మైళ్ల వేగం దాకా అనుమతి ఉండొచ్చు. రోడ్డు కుడికి బాగా తిరిగే మలుపులొస్తే మాత్రం ముందే కాసేపు ఎడమకి మారి, అవతలి నుంచి కనిపించేలా చూసుకోండి.

జూన్, జూలైలలో కాలిబాట పక్కన నెటిల్ మొక్కలు మోకాలెత్తు పెరుగుతాయి, తగిలితే దురదగొండి అంటుకున్నట్టే. గోకకుండా చల్లటి నీళ్లతో కడిగితే కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. పేనుగోమారి జాతి టిక్ పురుగు అంతకంటే పెద్ద చిక్కు, దానివల్ల లైమ్ వ్యాధి వస్తుంది. ప్యాంటు చివర మేజోళ్లలో దోపండి. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో వెతకండి. ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగండి, నలపొద్దు, నూనె రాయొద్దు. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి మచ్చ పాకితే డాక్టరుకి చూపించాలి.

ఆగస్టు చివర, సెప్టెంబరులో కంచెల నిండా నల్లగా పండిన బ్లాక్‌బెర్రీలు. అడవిగా పెరిగినవాటిని ఇంటి మందం కోసుకోవడం తప్పు కాదు, అమ్మడానికి కోయకూడదు.

ఆపద వస్తే 999. ఎక్కడున్నారో చెప్పాలి కదా, పటం ఆప్‌లో కనిపించే గ్రిడ్ నంబరు చదివితే సరిపోతుంది. రెండు అక్షరాలు, ఆరు అంకెలు అయితే వంద మీటర్ల లోపు చోటు దొరికినట్టే. బీపీ, షుగరు మాత్రలు సంచిలోనే ఉండాలి, ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా బయల్దేరొద్దు.

బాట మీద గేటుకి తాళం వేసి ఉన్నా, స్టైల్ విరిగినా, పంట దారిని మింగేసినా రైతుతో వాదనకి దిగొద్దు. ఫోటో తీసి, గ్రిడ్ నంబరుతో ఆ కౌంటీ కౌన్సిల్ వెబ్‌సైటులో కాలిబాటల విభాగానికి రాయండి. 1980 నాటి హైవేస్ చట్టం ప్రకారం ఆ బాటని తెరిచి ఉంచే బాధ్యత వాళ్లది. పర్యాటకులు రాసినా తీసుకుంటారు.