గంజాం తీరంలో బీచ్‌లు తిరగబోతున్నారా? నీళ్లలో దిగేముందు ఒక మాట

దసరా సెలవులు వచ్చాయంటే ఒడిశాలోని మా బరంపురం స్టేషన్‌లో వీపున పెద్ద పెద్ద బ్యాగులతో కుర్రాళ్లు దిగుతారు. సోనాపూర్, రామయ్యపట్నం, గోపాల్‌పూర్, ఆర్యపల్లి, ఋషికుల్య మొగ (నది సముద్రంలో కలిసే చోటు), ఆ పైన చిలికా ఒడ్డున రంభ. రోజుకో బీచ్. జనం తక్కువ, ఖర్చు తక్కువ. పైగా ఇక్కడి మత్స్యకారుల పల్లెల్లో చాలాచోట్ల మన తెలుగే మాట్లాడతారు. ఒడియా వాళ్లు వీళ్లను నోలియాలు అంటారు. తప్పకుండా రండి. వచ్చే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి: ఒక బీచ్‌లో నేర్చుకున్నది పక్క బీచ్‌లో పనికిరాదు. నిన్న గోపాల్‌పూర్‌లో నడుం లోతున హాయిగా ఆడుకున్నాం కదా అని ఇవాళ ఇంకో ఊళ్లో అంతే దూరం లోపలికి వెళ్తే, అక్కడ కాళ్ల కింద ఇసుక ఉండకపోవచ్చు.

డిగ్రీ చదివే రోజుల్లో మేం నలుగురం సోనాపూర్ వెళ్లాం. అక్కడే బాహుదా నది సముద్రంలో కలుస్తుంది. అవతల ఇచ్ఛాపురం వైపు, ఇవతల ఒడిశా. పొద్దున్న మొగ దాటితే నీళ్లు మోకాలి దాకా కూడా లేవు. బూట్లు చేత్తో పట్టుకుని నవ్వుకుంటూ దాటేశాం. మూడు గంటలకు తిరిగొస్తే అదే చోట నడుం దాటాయి. మావాడొకడు బ్యాగు నెత్తిన పెట్టుకుని దిగిపోయాడు. పది అడుగులు వేశాడో లేదో, కాలి కింద ఇసుక జారిపోవడం వాడి మొహంలోనే కనిపించింది. గట్టున వల బాగుచేసుకుంటున్న తాత ఒకాయన లేచి, "ఒరే, నీరు తీస్తోందిరా, బ్యాగు వదిలెయ్!" అని కేక పెట్టాడు. వాడు బ్యాగు వదిలాడు. అది మేం చూస్తుండగానే సముద్రంలోకి పోయింది. ఆ తాత తాడు విసిరి వాడిని లాగాడు. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి టీ పోయించాడు, ఒక్క మాట తిట్టలేదు. ఇరవై ఏళ్లయినా నేను మొగ దగ్గర ఆ తాతను తలుచుకోకుండా నీళ్లలో కాలు పెట్టను.

అక్కడ జరిగింది వింతేం కాదు. సముద్రం సుమారు ఆరు గంటలు పోటెక్కుతుంది, మరో ఆరు గంటలు తీస్తుంది. తీసేటప్పుడు నది నీరూ, లోపలికి ఎక్కిన సముద్రపు నీరూ కలిసి ఆ ఇరుకు మొగలోంచే బయటికి పోవాలి. అందుకే అక్కడ లాగుడు ఎక్కువ. అమావాస్యకూ, పౌర్ణమికీ ఇంకా ఎక్కువ. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానం అని వచ్చే పెద్దవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పోటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ లెక్కకు రాదు. మొగ కూడా ఒకచోట ఉండదు, వానాకాలం దాటేసరికి ఇసుక దిబ్బలు జరిగిపోతాయి. ఋషికుల్య దగ్గరా ఇదే పరిస్థితి. మొగను నడిచి దాటకండి. చుట్టూ తిరిగి బస్సులోనో ఆటోలోనో వెళ్లండి, గంట పోతే పోయింది.

ఇక మామూలు బీచ్‌లో రిప్ కరెంట్. ఒడ్డుకు వచ్చిన అలల నీరంతా ఏదో ఒక సన్నని దారి చేసుకుని వెనక్కి పోతుంది. దిగేముందు ఎత్తున నిలబడి పది నిమిషాలు చూడండి. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒక పాయ మాత్రం నున్నగా, కాస్త బురద రంగులో, నురుగును లోపలికి మోసుకుపోతూ కనిపిస్తే అదే. ఈత రానివాళ్లు అక్కడ అలలు లేవు కదా అని సరిగ్గా అక్కడికే దిగుతారు. ఈ తీరంలో పోయినవాళ్లలో ఎంతమంది ఇలా పోయారో తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకండి, ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. అది లోపలికి లాగుతుందే గానీ కిందికి ముంచదు. తేలుతూ, చెయ్యెత్తి అరవండి. ఓపికుంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటుకు చేరి, వాటితో పాటు బయటికి రండి.

ఫ్రెండ్ మునుగుతుంటే ఈత రానివాళ్లు దూకకండి. ఒకరు పోవాల్సిన చోట ఇద్దరు పోతారు. అందుకే బ్యాగులో మూతున్న ఐదు లీటర్ల ఖాళీ క్యాన్ ఒకటి, పదిహేను మీటర్ల తాడు ఒకటి పెట్టుకోమంటాను. క్యాన్‌కు తాడు కట్టి విసిరితే మనిషిని పట్టి నిలబెడుతుంది. బయటికి తెచ్చాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం చెయ్యొద్దు. ఊపిరి లేకపోతే ముందు నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊది, ఆ తర్వాత ఛాతీ మధ్య 30 సార్లు గట్టిగా నొక్కి, 2 సార్లు ఊదుతూ సాయం వచ్చేదాకా ఆపకండి. ఒకరు అది చేస్తుంటే ఇంకొకరు 108కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యాలి. లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీరు తర్వాతైనా ఇబ్బంది పెడుతుంది.

అక్టోబరు గురించి విడిగా చెప్పాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ, జీడినీ నేలమట్టం చేసింది. అంటే సరిగ్గా మీ సెలవుల వారమే. రోజూ పొద్దున్న వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. అల్పపీడనం వాయుగుండంగా మారిందంటే టెంట్ సర్దేసి బరంపురం వచ్చేయండి. ఫోన్‌లో సిగ్నల్ లేకపోతే పల్లెను చూడండి. ఎండ కాస్తున్నా ఎవరూ వేటకు వెళ్లకుండా, పడవలన్నీ పైకి లాగి సరుగుడు చెట్లకు కట్టేస్తుంటే ఇక అక్కడ ఒక్క పూట కూడా ఉండొద్దు. రేపటి దాకా చూద్దాం అనుకుంటే రేపు బస్సులుండవు.

టెంట్ ఎక్కడ వేయాలి? అలలు తెచ్చి వదిలిన చెత్త గీతకు బాగా పైన. గాలి ఉన్న రాత్రి సరుగుడు చెట్ల కింద వద్దు, కొమ్మలు విరిగి పడతాయి. మొగలి పొదల పక్కన అసలే వద్దు. గంజాం మొగలిపూలకు పేరే గానీ ఆ ముళ్లూ, వాటి కింద తిరిగే పాములూ రాత్రిపూట మనకెందుకు? గోపాల్‌పూర్ దగ్గర గోలబంధ వైపు సైన్యం ఫైరింగ్ రేంజ్ ఉంది, బోర్డు కనిపిస్తే అటు నడవకండి. తీరం వెంబడి పోర్టు కూడా అడ్డం వస్తుంది. మ్యాప్‌లో ఇసుక కనిపించినంత మాత్రాన చివరిదాకా నడిచిపోవచ్చని అనుకోవద్దు.

జెల్లీఫిష్ తగిలితే ఇసుకతో రుద్దకండి, మంచినీళ్లు పొయ్యకండి. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న దారాలను ఏదైనా పుల్లతో తీసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఇరవై నిమిషాలు పెట్టండి. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్లండి. తాగునీరు మనిషికి మూడు లీటర్లు, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. మందు తాగి నీళ్లలో దిగే సంగతి చెప్పనక్కర్లేదు.

ఫిబ్రవరి, మార్చిలో వచ్చేవాళ్లకు ఇంకో మాట. ఋషికుల్య ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం అది. రాత్రి టార్చి, ఫ్లాష్ వెయ్యొద్దు. ఆ తర్వాత దాదాపు రెండు నెలల లోపే పిల్లలు బయటికొస్తాయి, వెలుగు చూసి సముద్రం అనుకుని ఊరి వైపు పాకుతాయి. అటవీశాఖ వాళ్లు ఆపిన చోట ఆగండి.

ఏ ఊళ్లో దిగినా ముందు వలల దగ్గర కూర్చున్న పెద్దాయన దగ్గరికి వెళ్లి, "తాతా, ఇక్కడ దిగొచ్చా? నీరు ఎప్పుడు తీస్తుంది?" అని అడగండి. వలల మీద చెప్పులతో నడవకండి, వాళ్లకు అది బాధ. వద్దంటే వాదించకుండా వచ్చేయండి. బయల్దేరేటప్పుడు తర్వాత ఏ ఊరు వెళ్తున్నారో ఆయనకూ, ఇంట్లోవాళ్లకూ చెప్పండి. ఆ ఊరు చేరగానే, బ్యాగు దించకముందే ఇంటికి ఫోన్ చెయ్యండి.