గ్లాకోమా మందుకు పాలిమర్ పొర: ప్రయోగశాలలో తయారీ విధానం

కంటి చుక్క ఒక్కటి 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది. కంటిలో సహజంగా నిలిచే కన్నీరు సుమారు 7 మైక్రోలీటర్లే. అందువల్ల గ్లాకోమా (తరచూ కంటి లోపలి ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు) మందులో అధిక భాగం చెంప మీదికి జారిపోతుంది, లేదా కన్నీటి నాళం గుండా ముక్కులోకి, అక్కడి నుంచి రక్తంలోకి చేరుతుంది. కంటి ఒత్తిడిని తగ్గించే టిమోలాల్ అనే మందు విషయంలో ఇది వృథా మాత్రమే కాదు, ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం కూడా. కింది రెప్ప లోపల ఇమిడి మందును నెమ్మదిగా విడిచే పొర ఈ నష్టాన్ని తగ్గించగలదు. 1974లో అమెరికాలో ఆమోదం పొందిన ఆక్యుసర్ట్ అనే అలాంటి పొర, మరో గ్లాకోమా మందు పైలోకార్పిన్‌ను గంటకు 20 లేదా 40 మైక్రోగ్రాముల చొప్పున వారం పాటు విడుదల చేసేది. అయినా కంటిలో నలత, తెలియకుండా జారిపోవడం వంటి ఇబ్బందుల వల్ల అది విస్తృతంగా నిలవలేదు. కనుక బెంగళూరు ఫార్మసీ కళాశాలల్లో ఎం.ఫార్మ్ పరిశోధనకు ఈ అంశాన్ని ఎంచుకునే మన తెలుగు విద్యార్థులు పొర పరిమాణం, మృదుత్వం గురించి మొదటి రోజు నుంచే ఆలోచించాలి.

తయారీకి ముందు మోతాదు లెక్క తేలాలి. 0.5 శాతం టిమోలాల్ చుక్క 50 మైక్రోలీటర్లయితే అందులో 0.25 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. రోజుకు రెండు చుక్కలు కనుక పొరకు 0.5 మిల్లీగ్రాములు అనుకుందాం. పొరను పెట్రీ డిష్ అనే చదునైన గాజు పళ్లెంలో ఆరబెట్టి, 8 మిల్లీమీటర్ల వ్యాసం గల గుండ్రని బిళ్లలుగా కోస్తాం. 9 సెంటీమీటర్ల లోపలి వ్యాసం గల డిష్ వైశాల్యం ఒక బిళ్లకు 126.6 రెట్లు. అంటే డిష్ మొత్తానికి 63.3 మిల్లీగ్రాముల టిమోలాల్ కావాలి, వాడేది టిమోలాల్ మలియేట్ లవణం, అది 6.83 మిల్లీగ్రాములు 5 మిల్లీగ్రాముల టిమోలాల్‌కు సమానం కాబట్టి తూచవలసింది 86.4 మిల్లీగ్రాములు. గుండ్రని బిళ్లల మధ్య ఖాళీలు మిగులుతాయి, మందం తేడాగా ఉండే అంచులను పారవేయాలి. అందుచేత చేతికి వచ్చే బిళ్లలు ఇంతకంటే తక్కువే ఉంటాయి.

0.6 గ్రాముల హెచ్‌పీఎంసీని (నీటిలో కరిగే సెల్యులోజ్ పాలిమర్) కొద్దిపాటి వేడి నీటిలో చల్లి చెదరగొట్టి, తరువాత చల్లని నీరు కలుపుతూ 20 మిల్లీలీటర్లకు తేవాలి. నేరుగా చల్లని నీటిలో వేస్తే ఉండలు కడుతుంది. పొరను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్‌గా 0.12 గ్రాముల గ్లిజరిన్, ఆపైన మందు కలిపి, బుడగలన్నీ పైకి తేలేవరకు ద్రావణాన్ని కదపకుండా ఉంచాలి. డిష్‌ను స్పిరిట్ లెవెల్‌తో సమంగా అమర్చి, ద్రావణం పోసి, దానిపై గరాటును బోర్లించి, సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టాలి. నా అభిప్రాయంలో పొర నాణ్యత నిర్ణయమయ్యేది ఇక్కడే: తొందరపడి వేడి పెంచితే పైభాగం ముందుగా గట్టిపడి లోపలి తేమ చిక్కుకుపోతుంది, పొర ముడుతలు పడుతుంది. వానాకాలంలో బెంగళూరు గాలిలోని తేమను హెచ్‌పీఎంసీ త్వరగా పీల్చుకుంటుంది కనుక, ఆరిన పొరను వెంటనే తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న డెసికేటర్ అనే మూత పాత్రలోకి మార్చాలి. ఒక్కో బిళ్ల బరువు దాదాపు 6.4 మిల్లీగ్రాములు రావాలి. బాగా ఎక్కువైతే తేమ మిగిలిందో, మందం సమంగా లేదో చూడాలి.

హెచ్‌పీఎంసీ ఒక్కటే అయితే కన్నీటిలో త్వరగా కరిగిపోతుంది. మందు రోజంతా అందాలంటే ఆ బిళ్లను కాస్త పెద్దవైన రెండు ఇథైల్ సెల్యులోజ్ (నీటిలో కరగని పాలిమర్) పొరల మధ్య ఉంచి, అంచులను పూర్తిగా మూసివేయాలి.

మందం, మడత తట్టుకునే శక్తి, ఉపరితల పీహెచ్, ఒక్కో బిళ్లలోని మందు పరిమాణం మామూలుగా చేసే పరీక్షలే. విడుదల పరీక్షకు మాత్రం మాత్రలకు వాడే 900 మిల్లీలీటర్ల పాత్ర తగదు, పీహెచ్ 7.4 గల కృత్రిమ కన్నీటిని కొద్ది పరిమాణంలో, 34 డిగ్రీల వద్ద వాడి, 295 నానోమీటర్ల వద్ద కాంతి శోషణ ద్వారా మందును కొలవాలి. పొరను సూక్ష్మజీవ రహితం చేయాలి కూడా. ఆటోక్లేవ్ (పీడనంతో కూడిన ఆవిరి) ఈ పొరను పాడుచేస్తుంది, అతినీలలోహిత కిరణాలు ఉపరితలాన్ని దాటి పెద్దగా పనిచేయవు. గామా కిరణాలతో 25 కిలోగ్రేల మోతాదు ఇచ్చాక మందు పరిమాణం, విడుదల తిరిగి పరీక్షించాలి, ఎందుకంటే ఆ కిరణాలు పాలిమర్ గొలుసులనూ తెంచగలవు. సూక్ష్మజీవ రహిత పరీక్షకు 14 రోజులు పడుతుంది. జంతు ప్రయోగానికి సంస్థాగత జంతు నైతిక కమిటీ అనుమతి ముందుగా తీసుకోవాలి. ప్రయోగశాలలో చేసిన పొరను, కుతూహలం కొద్దీ అయినా, మీ కంటిలో గానీ మరొకరి కంటిలో గానీ ఎన్నడూ పెట్టకూడదు.