కువైట్‌కు కొత్తగా పోతున్నారా? ముందు కూటి సంగతి చూసుకోండి

మా కడప వైపు, అందులోనూ రాజంపేట, సిద్ధవటం, బద్వేలు దిక్కు, కువైట్‌కు పోయినవాళ్లు లేని ఊరు అరుదు. వీసా ఎట్లా వస్తుంది, మెడికల్‌లో ఏం చూస్తారు, సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) ఎన్నాళ్లకు వస్తుంది అని చెప్పేవాళ్లు వీధికి నలుగురు దొరుకుతారు. అక్కడ ఏం తినాలి, ఎవరితో కూర్చుని తినాలి అని మాత్రం ఎవరూ చెప్పరు. నేను 12 ఏళ్లు అక్కడ ఇళ్లలో వంటమనిషిగా చేశాను. మా ఆయన వేరే ఇంట్లో డ్రైవరు. మా ఆడబిడ్డ వాళ్లు ఫర్వానియాలో రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్లు. మొదటి మూడు నెలల్లో తిండి కుదిరినవాళ్లు నిలదొక్కుకున్నారు, కుదరనివాళ్లు కుంగిపోయారు. ఇది నేను కళ్లారా చూసింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

పెట్టె సర్దేటప్పుడు

బియ్యం, కందిపప్పు, చింతపండు మోసుకుపోవద్దు. అవన్నీ అక్కడ దొరుకుతాయి, సోనా మసూరి బియ్యంతో సహా. వీధి చివర ఉండే చిల్లర అంగడిని బకాలా అంటారు. మలయాళీలు నడిపే అంగడికి పోతే కరివేపాకు, మునక్కాయలు, కొబ్బరికాయ అన్నీ ఉంటాయి. ఏరియాకొక జమియా ఉంటుంది, అంటే సహకార సంఘం వాళ్ల పెద్ద అంగడి. పాలు, గుడ్లు, కూరగాయలు అక్కడ తీసుకోండి.

మీ బరువు కోటాను అక్కడ దొరకని వాటికి ఉంచుకోండి. ఇంట్లో మిరపకాయలు ఎండబెట్టి మిల్లులో పట్టించిన కారం, పప్పుల పొడి, గోంగూర ఊరగాయ, మొదటి నెలకు సరిపోయేలా రెండు కిలోల రాగిపిండి, ఒక సంగటి కట్టె. కట్టె ఎందుకమ్మా అని మా ఆయన నవ్వాడు. ఏడాది తిరక్కుండానే ఆ కట్టె కోసం పక్క ఫ్లాట్ల నుంచి మనుషులు వచ్చేవాళ్లు. ఊరగాయను చేతిసంచిలో పెట్టుకోవద్దు, విమానం ఎక్కనివ్వరు. నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి పెద్దపెట్టెలో బట్టల మధ్య పెట్టండి.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. గసాలు పెట్టొద్దు. మనకు అవి మసాలా దినుసు, గల్ఫ్‌లో మాత్రం మత్తుమందు కింద లెక్క. ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. గసాలు విడిగా పెట్టరు గానీ అమ్మ కొట్టిచ్చిన మాంసం మసాలా పొడిలో కలిసిపోయి ఉంటాయి. పొడి కొట్టకముందే అమ్మకు చెప్పండి. గసాలు మానేసి ఎండుకొబ్బరి, కొంచెం వేయించిన పప్పులు వేసుకుంటే కూర చిక్కదనం ఏమీ తగ్గదు. అట్లాగే పక్కింటివాళ్లు "మా వాడికి ఇయ్యి నాయనా" అని ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోవద్దు. మొహమాటం పడాల్సిన చోటు కాదిది.

మిక్సీ తీసుకుపోతే అడాప్టరు కూడా కొనుక్కోండి. అక్కడి సాకెట్లకు మూడు చదరపు పిన్నులు కావాలి. కరెంటు 240 వోల్టులే, మన మిక్సీ బాగానే తిరుగుతుంది.

ఇళ్లలో పనికి పోయే అక్కచెల్లెళ్లకు

వాళ్ల భోజనం మనకు అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుంది. మాంసంతో కలిపి వండే అన్నం మచ్‌బూస్. ఎండబెట్టిన నల్లనిమ్మకాయ వేస్తారు, దాన్ని లూమి అంటారు. పులుపు, సువాసన బాగుంటాయి, మన కారం మాత్రం ఉండదు. మొదటి రోజు నుంచే పనికొచ్చే మాటలు కొన్ని నేర్చుకోండి. నీళ్లు మాయ్, ఉప్పు మిలహ్, ఎర్రగడ్డలు బసల్, పెరుగు రోబ్, మజ్జిగ లబన్. అన్నాన్ని కువైటీలు ఐష్ అంటారు. అదే మాట ఈజిప్టు వాళ్లు అంటే రొట్టె. నేను మొదట్లో ఈ తేడా తెలియక చాలా తికమక పడ్డాను.

నేను చేరిన మొదటి ఇంట్లో నెల రోజులు టీ, కుబూస్ రొట్టె మీదే బతికాను. వాళ్లు తిన్నాక గిన్నెల్లో అన్నం మిగిలేది, నన్ను తినమని ఎవరూ అనలేదు, అడగడానికి నాకు సిగ్గు. ఒక రోజు గిన్నెలు కడుగుతూ కళ్లు తిరిగి కింద కూర్చుండిపోయాను. మేడమ్ పరిగెత్తుకొచ్చి విషయం తెలుసుకుని, ఎందుకు చెప్పలేదని కోప్పడింది. ఆ మరుసటి రోజు నుంచి నా కోసం విడిగా అన్నం వండుకోమంది. నేను ఒక్క మాట అడిగి ఉంటే ఆ నెల రోజులు అంత అవస్థ ఉండేది కాదు. కొన్ని ఇళ్లలో అడిగినా పెట్టరు, అది కూడా విన్నాను. అలాంటప్పుడు ఇది గుర్తుంచుకోండి: 2015లో కువైట్ ఇంటిపనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేసింది. తిండి, బట్టలు, వసతి, వైద్యం యజమానే చూడాలి, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. మీ తిండి ఖర్చు జీతంలో పట్టుకోవడానికి లేదు. మాట వినకపోతే మన రాయబార కార్యాలయానికి చెప్పుకోవచ్చు. ఆ కార్యాలయం నంబరు ఫోన్‌లోనే కాదు, ఒక కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి.

రెండో ఇల్లు మంచిది. మధ్యాహ్నం పెద్ద పళ్లెంలో మచ్‌బూస్ పెట్టి, దాని చుట్టూ తాత, కొడుకులు, మనవళ్లు అందరూ కింద కూర్చుని తినేవాళ్లు. ముసలాయన మాంసం ముక్కలు విడదీసి పిల్లల వైపు తోసేవాడు. అది చూసినప్పుడల్లా నాకు మా జేజి, అదే మా అవ్వ, గుర్తొచ్చేది. జేజి ఒకే గిన్నెలో సంగటి, పప్పు కలిపి, చుట్టూ కూర్చున్న మా అందరి చేతుల్లో వరసగా ముద్దలు పెట్టేది.

రూములో ఉండే అబ్బాయిలకు

ఎవరి వంట వాళ్లు చేసుకునే రూములో చేరొద్దు. చేరాల్సి వస్తే మీరే మార్చండి. మా ఆయన తమ్ముడి రూములో ఆరుగురు ఉండేవాళ్లు. మొదట ఆరు గిన్నెలు, ఆరు ఉప్పు డబ్బాలు, ఫ్రిజ్‌లో పేర్లు రాసిన గుడ్లు, పాలు ఎవరు తాగారని రోజూ గొడవ. తర్వాత బద్వేలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఒక నోటుబుక్కు తెచ్చాడు. నెల మొదట్లో అందరూ సమానంగా డబ్బు వేయాలి. వారంలో ఆరు రోజులు ఆరుగురి వంతు, శుక్రవారం అందరూ కలిసి వండాలి. కొన్న ప్రతి సరుకూ ఫిల్సులతో సహా బుక్కులో ఎక్కాలి. దినారుకు 1000 ఫిల్సులు కాబట్టి మొదట్లో లెక్క తప్పుతుంది, అలవాటయ్యేదాకా ఇద్దరు చూసుకోండి. అతిథి వస్తే పిలిచినవాడి పేరు మీద ఒక పూట రాయాలి. కొత్తగా వచ్చినవాడికి మొదటి జీతం అందేదాకా వాటా అడగకూడదు. ఈ చివరి నియమం ఆ పెద్దాయనే పెట్టాడు. మీ రూములో కూడా పెట్టండి.

ఎండాకాలం బయట పనిచేసేవాళ్లు డబ్బాలో కొబ్బరి వేసినవి పెట్టుకుపోవద్దు, మధ్యాహ్నానికి పాడైపోతాయి. పులిహోర, ఊరగాయ అన్నం నిలుస్తాయి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. ఆ వేళలో నీడన కూర్చుని లబన్ తాగండి, అందులో ఉప్పు వేసుకోండి.

రంజాన్ నెలలో పగటిపూట బయట, బండిలో, పని దగ్గర నలుగురూ చూసే చోట ఏదీ తినొద్దు, నీళ్లు కూడా తాగొద్దు. జరిమానా, జైలు రెండూ ఉన్నాయి. తినాలనుకుంటే రూములోనే.

పొయ్యి దగ్గర జాగ్రత్త. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనం తెల్లవారుజామున అంటుకుని 40 మందికి పైగా భారతీయులు పోయారు. కింది అంతస్తులో కరెంటు దగ్గర మంట మొదలైంది. ఒకే ఎక్స్‌టెన్షన్ పెట్టెకు ఫ్రిజ్, రైస్ కుక్కర్, హీటర్ అన్నీ తగిలించొద్దు. నిద్రపోయే ముందు గ్యాస్ కట్టేశారా అని వంట వంతు ఎవరిదో వాళ్లే చూడాలి. మీ భవనంలో మెట్ల దారి ఎక్కడుందో, మేడ మీది తలుపు తెరుచుకుంటుందో లేదో చేరిన రోజే చూసుకోండి.

సంగటి

ఇది రాకపోతే నేర్చుకునే పోండి. ఒక గ్లాసు బియ్యానికి నాలుగున్నర గ్లాసుల నీళ్లు. బియ్యం మెత్తగా, చిదిమితే నలిగిపోయేలా ఉడకాలి. ఎసరు ఇంకా కొంచెం మిగిలి ఉండగానే ఒకటిన్నర గ్లాసు రాగిపిండిని మధ్యలో కుప్పగా పోయండి. కెలకొద్దు. కట్టెతో నాలుగు చోట్ల గుంతలు చేసి, మూత పెట్టి, సన్నమంట మీద పది నిమిషాలు వదిలేయండి. పిండి కిందనుంచి వచ్చే ఆవిరితో ఉడుకుతుంది. ముందే కెలికితే ఉండలు కట్టి లోపల పచ్చిపిండి మిగులుతుంది. తర్వాత గిన్నెను కింద దించి, మందపాటి గుడ్డతో ఒకరు పట్టుకోవాలి, ఒకరు కెలకాలి. ఇది ఇద్దరి పని, ఒంటరిగా చేస్తే గిన్నె తిరిగిపోతుంది. కట్టె లేకపోతే చపాతీ కర్ర చాలు. చేతులు తడిపి, వేడి మీదనే ముద్దలు చేయండి.

దానితో శెనక్కాయ ఊరిబిండి (పచ్చడి) అయినా సరే, కోడిపులుసు అయినా సరే. అక్కడి బ్రాయిలర్ కోడి 20 నిమిషాల్లో ఉడికిపోతుంది, నాటుకోడిలా గంట పెడితే పీచుపీచవుతుంది. అందుకని మసాలా, పులుసు ముందు బాగా మరగనిచ్చి, ముక్కలు తర్వాత వేయండి.

శుక్రవారం

మనకూ కువైట్‌కూ రెండున్నర గంటల తేడా. అక్కడ మనం పని ముగించుకుని రాత్రి ఎనిమిదిన్నరకు అన్నం పెట్టుకునేసరికి ఇక్కడ కడపలో రాత్రి 11 గంటలు, ఇంట్లో పిల్లలు నిద్రపోయి ఉంటారు. రోజూ ఫోన్ చేసినా ఒక్క పూట కూడా కలిసి తిన్నట్టు ఉండదు. మా ఆడబిడ్డ దీనికి ఒక దారి కనిపెట్టింది. శుక్రవారం పొద్దున ఏడింటికే పొయ్యి వెలిగించేది. పదిన్నరకు ముద్దలు పళ్లేల్లోకి వచ్చేసేవి. అప్పుడు ఇక్కడ సరిగ్గా ఒంటిగంట. మా అత్త ఇక్కడ పిల్లలకు వడ్డించి, ఫోన్‌ను చెంబుకు ఆనించి పెట్టేది. అక్కడ మేము పదిమందిమి చాప మీద, ఇక్కడ వీళ్లు నలుగురు వసారాలో. "ఏమ్మా, పులుసు పలచగుందే" అని అత్త అనేది. మా చిన్నోడు తన ముద్దలో గుంత చేసి, పులుసు పోసుకుని, నాకు కనిపించేలా ఫోన్ దగ్గర పెట్టేవాడు. నాకు శుక్రవారం సెలవిచ్చిన ఇంట్లోనే పదేళ్లు ఉండిపోయాను, జీతం ఎక్కువ ఇస్తామన్నవాళ్లు ఉన్నా మారలేదు. ఆ నిర్ణయం మీద ఈ రోజుకీ నాకు బాధ లేదు.

మీరు పోయాక మొదటి శుక్రవారం ఒంటరిగా ఉండొద్దు. మన ఊరి వైపు వాళ్లు ఎవరున్నారో పోకముందే కనుక్కుని, ఫోన్ చేసి "అన్నా, ఈ శుక్రవారం మీ దగ్గరికి వస్తా" అని మీరే అనండి. ఉత్త చేతులతో పోకుండా రెండు కిలోల ఎర్రగడ్డలో, ఒక పెరుగు డబ్బానో పట్టుకుపోండి. తిన్నాక గిన్నెలు మీరే కడగండి. డ్యూటీలో ఉండి రాలేనివాళ్లకు ఒక ముద్ద పక్కకు తీసి, ఆరిపోకుండా తడిగుడ్డ కప్పి, పులుసు గిన్నె దాని పక్కనే పెట్టండి.